అత్త అడిగిన ఆటు

తెల్లారితే మా దీవిలో ఎవరూ ఎవరి మొహం చూడరు, కాళ్లకేసి చూస్తారు. ఒంట్లో పోటు మీదున్న మనిషి ఇసకలో అడుగేస్తే ఆ అడుగులో నీళ్లూరతాయి. ఆటు మీదుంటే అడుగు పొడిగానే ఉంటుంది. సముద్రం పోటుకీ దీనికీ సంబంధం లేదు, ఎవరిది వాళ్లదే. పొడి అడుగుల మగాణ్ణి కల్లు గీయడానికి చెట్టెక్కనివ్వరు. ఆడదాన్ని దుంపల గుంటలోకి దిగనివ్వరు. ఓ పూటో రెండు పూటలో నీడన పడుకుంటే నీళ్లు వాటంతటవే వస్తాయి.

ఇంతవరకూ బాగానే ఉంది గానీ, మాకు బుబుసి అని ఇంకో ఆచారముంది. అయినవాళ్లు ఎదురుగా కూర్చుని "ఇది నాకివ్వు" అని నోరు తెరిచి అడిగితే కాదనకూడదు. చాపైనా, పందిపిల్లైనా, ఒంటి చాకిరైనా సరే. కాదంటే ఆ మాట మనవల దాకా మోయాలి.

కల్లు గీసే తెకాయి పెళ్లాం రెరేయాకి కాదనడం ఎలాగూ చేతకాదు, పడుకోవడం అసలే చేతకాదు. ఆడపడుచు వచ్చి మొగలాకు చాప అల్లిపెట్టమంది, అల్లింది. పిన్నత్త దుంపల గుంట తవ్విపెట్టమంది, తవ్వింది. అందరికంటే ఎక్కువ అడిగింది సొంత అత్త తబీరియా. కాళ్లు పట్టమనీ, చేపలు ఎండబెట్టమనీ, కల్లు పాకం కాచమనీ పొద్దుగూకేదాకా అడుగుతూనే ఉండేది. అలా ఆ పిల్ల అడుగులు ఏళ్ల తరబడి తడవలేదు. మేమంతా చూసీ చూడనట్టు ఊరుకున్నాం. నేనూ ఓ చాప అడిగి తెచ్చుకున్నదాన్నే, ఇక ఏ మొహం పెట్టుకుని చెప్పను?

పొడి అడుగుల తల్లికి పుట్టిన బిడ్డ నిలవదు. రెరేయాకి అప్పటికే ఇద్దరు పోయారు. మూడోసారి నెలలు నిండాక అందరికీ భయం పట్టుకుంది. ఏ పనీ చెప్పకుండా పది రోజులు నీడన పడుకోబెట్టారు. చుక్క కూడా ఊరలేదు. మంత్రసాని ఆ అడుగులు చూసి, వెళ్లి నీళ్లు కాచుకుంది.

నొప్పులు మొదలైన మధ్యాహ్నం తబీరియా వచ్చి కోడలి ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుంది. అలా కూర్చుందంటే అడగడానికే. ఇప్పుడు కూడానా అని తెకాయి పళ్లు కొరికాడు.

"ఒకటి అడుగుతాను, ఇవ్వాలే," అంది.

"నా దగ్గర ఇంకేం మిగిలిందత్తా?"

"నీ ఆటు ఉందిగా. అది నాకిచ్చెయ్యి."

రెరేయా బిత్తరపోయింది. ముసలివాళ్ల ఆటుకి మళ్లీ పోటుండదనీ, దాంతోనే పోతారనీ మా ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. వద్దత్తా, ఇంకేదైనా అడుగు అని ఏడ్చింది.

"ఇన్నేళ్లూ అడ్డమైనవన్నీ అడిగితే ఇచ్చావు. ఇవాళ ఒక్కటి నీకు పనికొచ్చేది అడిగితే కాదంటావా?"

ఇచ్చానని అనక తప్పలేదు. తబీరియా లేచి వెళ్తుంటే ఆమె వెనక అడుగులు పొడిగా పడ్డాయి. మేం రెరేయాని పట్టుకుని నాలుగడుగులు నడిపించాం. నాలుగింటిలోనూ నీళ్లూరాయి. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది, పుడుతూనే గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను ఇసకలో కూలబడి ఏడ్చాను.

మూడో రోజు పొద్దున్నే రెరేయా బిడ్డనెత్తుకుని అత్త పడుకున్న చాప దగ్గరికి వెళ్లింది. ఇచ్చినదాన్ని తిరిగి అడగొచ్చు, దానికి ఆచారం అడ్డురాదు. అడిగితే అత్త మాత్రం కాదనగలదా? ఆ ఆశతోనే ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుంది.

"అత్తా, ఒకటి..."

రెండు రోజులుగా కన్ను తెరవని ముసలిది చెయ్యి చాచి కోడలి నోరు మూసేసింది. నోటి నుంచి రాని మాటకి ఎవరూ ఏదీ ఇవ్వక్కర్లేదు. రెరేయా ఒళ్లో బిడ్డతో, ఒక్క చేత్తో ఆ వేళ్లని విడదీయాలని చూసింది. అవి కదల్లేదు. చల్లబడేదాకా కదల్లేదు.