అలిగే ఆకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన హరనాథబాబు ఊరందరికీ చెబుతాడు. అదేం కాదు. కోపం వచ్చే పనులు జనం చేస్తారు, నాకు వస్తుంది, అంతే. ఈ కథలో కూడా నాకు మూడుసార్లు కోపం వచ్చింది. మూడింట్లో రెండు న్యాయమైనవే.

1978లో నేను బాన్సువాడ జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. మా ఆయన కాలవ కింద వరి పండించేవాడు. పిహెచ్.డి. చేయాలన్న పురుగు నా బుర్రను ఎన్నాళ్లుగానో తొలిచేస్తోంది. హైదరాబాదులో ప్రొఫెసర్ జగన్మోహనరావు గారికి ఉత్తరం రాశాను. మీ వైపు పుండ్లకు వాడే పది మొక్కల రసాలు తీసి, అవి క్రిములను చంపుతున్నాయో లేదో చూసి దసరా లోపు పంపమనీ, పని నచ్చితే చేర్చుకుంటాననీ ఆయన జవాబు రాశారు. అప్పటికి నాకు ముప్పై ఐదు దాటాయి. ఈసారి కాకపోతే ఇక చదువు మాట మరిచిపోవడమేనని నాకు తెలుసు.

కాలేజీ ల్యాబులో నీళ్ల కుళాయి కూడా లేదు కాబట్టి నా వంటిల్లే ప్రయోగశాల అయింది. ప్రెషర్ కుక్కర్‌లో గాజు మూతలు ఉడికించాను. మాంసం ఉడికిన నీళ్లలో చైనా గ్రాస్ వేసి ఆ మూతల్లో పోస్తే జున్నులా గడ్డకట్టేది. దాని మీద పుండులోంచి తీసిన చీము పూసి, ఆకు రసంలో ముంచిన చిన్న కాగితపు బిళ్లను మధ్యలో పెట్టేదాన్ని. మర్నాటికి జున్నంతా క్రిములు తెల్లగా పేరుకునేవి. రసంలో సత్తా ఉంటే బిళ్ల చుట్టూ మాత్రం క్రిములు లేక, గుండ్రంగా ఖాళీ మిగలాలి. ఆ ఖాళీ కోసమే నా తిప్పలన్నీ.

తొమ్మిది మొక్కలు చూశాను. ఒక్కదానికీ రాలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మా ఆయన వెక్కిరించాడు. కుక్కర్ క్రిముల పాలై, కుండలో వండిన అన్నం తింటున్నాడు కదా, ఆ మాత్రం అననిచ్చాను.

ఆ వానాకాలం నాట్ల బురదలో నాని ఆయన కాలివేళ్ల మధ్య పుండ్లు పడ్డాయి. రోజూ వేడినీళ్లతో కడుక్కో, నాలుగు రోజులు మడిలో దిగకు అని చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు. పది రోజుల తర్వాత చూస్తే వేళ్లు శుభ్రంగా మానిపోయాయి. సంగతేమిటంటే, కాలవ అవతలి తండాలో జమునాబాయి అనే పెద్దామె ఆకు కట్టిందట. ఇంట్లో పెళ్లాం పగలల్లా మందాకుల మీద కూర్చుంటే మొగుడు చాటుగా ఇంకొకరి దగ్గరికి వెళ్లి కట్టించుకున్నాడు. ఇది మొదటి కోపం.

ఆ కోపం దిగేలోపే నాకు ఆశ పుట్టింది. నేనే తండాకు వెళ్లి ఆమెను ఆ ఆకు అడిగాను. దాని పేరు ఎవరికీ చెప్పనని మాటిస్తే ఇస్తానంది. మాటిచ్చాను. అందుకే ఇక్కడా రాయడం లేదు. గట్ల మీద కాళ్ల కింద పడి నలిగే మామూలు మొక్కే అది.

నీళ్లతో నూరిన తొమ్మిదీ దండగయ్యాయి కదా అని దీన్ని స్పిరిట్‌లో నానబెట్టి రసం తీశాను. మర్నాడు మూతలో చూస్తే బిళ్ల చుట్టూ చిన్నదే అయినా చక్కని ఖాళీ కనబడింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా నోట్లో నువ్వుగింజ నానదు. కాలేజీలో స్టాఫ్ రూమంతా చాటింపు వేశాను. అందరూ మెచ్చుకున్నారు. కెమిస్ట్రీ చెప్పే శాంతకుమారి మాత్రం, ఒట్టి స్పిరిట్‌లో ముంచిన బిళ్ల కూడా పక్కన పెట్టి చూశావా అని మెల్లగా అడిగింది.

పెట్టలేదు. బిళ్లను ఆరబెట్టాలన్నది కూడా తొందరలో మరిచాను. ఆ సాయంత్రమే ఒట్టి స్పిరిట్ బిళ్ల పెట్టాను. మర్నాటికి అంతే ఖాళీ వచ్చింది. ఆకు రసం బిళ్లను బాగా ఆరబెట్టి మళ్లీ పెడితే, ఖాళీ లేదు సరికదా, క్రిములు బిళ్ల మీదికి కూడా ఎక్కి కూర్చున్నాయి. అంటే చంపింది స్పిరిట్, ఆకు కాదు.

నిజం చెప్పాలంటే, ఆ మొదటి మూత ఒక్కటే లెక్కలోకి తీసుకుని పంపేద్దామని రెండు రోజులు అనుకున్నాను. ప్రొఫెసర్ గారు వచ్చి చూస్తారా, పెడతారా. శాంతకుమారి ఎవరికీ చెప్పే మనిషి కాదు. దసరా ఇంకా పన్నెండు రోజులే ఉంది. కాగితం మీద ఖాళీ కొలత రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. మా ఆయన వేళ్లు మానడం కళ్లారా చూశాను కదా, మరి ఆకు ఎందుకు పనిచేయలేదు? అప్పుడు తట్టింది. ముసల్ది అసలాకు దాచుకుని నాకు దొంగాకు ఇచ్చింది. రెండో కోపం వచ్చింది. అన్యాయమైనది ఇదే.

కాలవ గట్టు వెంట విసవిసా నడిచి తండాకు వెళ్లాను. జమునాబాయి వాకిట్లో లోక్యా అనే మనిషి మడమ ముందు కూర్చుని ఉంది. ఎద్దు తొక్కి చీలిన మడమ అది. నన్ను చూసి కూర్చోమని సైగ చేసింది, పని ఆపలేదు. మసలి చల్లారిన నీళ్లలో ఉప్పు వేసింది. ఉతికి ఎండబెట్టిన గుడ్డతో చీమంతా తుడిచింది. నీళ్లు పారబోసింది, కొత్త నీళ్లు పోసింది, మళ్లీ కడిగింది. అట్లా నాలుగుసార్లు. లోక్యా అబ్బా అంటే తిట్టింది. అంతా అయ్యాక ఆకు నలిపి పెట్టి కట్టు కట్టింది. అరగంట కడగడం, అర నిమిషం ఆకు.

"తొమ్మిది దినాలు రోజు రావాలె. బురదల కాలు పెట్టినవంటె ఆకు అలుగుతది. అలిగినంక నేనేం జెయ్య," అని లోక్యాకు చెప్పింది. అతను దేవుడి ముందు నిలబడ్డట్టు తలూపి వెళ్లాడు.

దొంగాకు ఇచ్చావా అని ముఖం మీదే అడిగేశాను. ఆమెకు కోపం రాలేదు. నా వైపు జాలిగా చూసింది.

"గదే ఆకు పంతులమ్మా. ఆకు పుండు మీద ఈగ వాలకుండ కప్పుతది, గంతే. మాన్పేది కడుగుడు."

మరి ఆ ముక్క జనానికి చెప్పవేమని అడిగాను.

"కాళ్లు కడుక్కో, మడిల దిగకు అంటె ఎవడింటడు? మీ ఆయన నీ మాట ఇన్నడా? ఆకు అలుగుతదన్న, తొమ్మిది దినాలు గట్టు దిగలె."

మూడో కోపం ఇంటికొచ్చాక మా ఆయన మీద చూపించాను. పెళ్లాం మాటకంటే ఆకు అలకకు విలువెక్కువా అని దులిపేస్తే, నీ అలక అలవాటైపోయింది, ఆకుది కొత్త అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను.

మర్నాటి నుంచి మిగిలిన మూతలతో తండాకు వెళ్లాను. లోక్యా మడమను కడగకముందు ఒక దూది, కడిగాక ఒక దూది అద్ది, వేరువేరు మూతల్లో రాసి చూశాను. ముందరి మూతల్లో క్రిములు తెల్లగా పేరుకునేవి. తర్వాతి వాటిలో నాలుగైదు చుక్కలు, ఒక్కోసారి అవీ లేవు. ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాశాను. పది మొక్కలు, పది సున్నాలు. స్పిరిట్ బిళ్ల పొరపాటు నాదే. కడగడం మాత్రం పనిచేసింది. పోస్టు డబ్బాలో వేసేటప్పుడు నా చదువును నేనే అందులో పడేస్తున్నాననిపించింది, కానీ ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

దీపావళి ముందు జవాబొచ్చింది. "ఈ ఏడాది నాకు పధ్నాలుగు మంది రాశారు. పదమూడు మంది ఉత్తరాల్లో ప్రతి ఆకూ ప్రతి క్రిమినీ చంపేసింది. సున్నాలు పంపింది మీరొక్కరే. వచ్చి చేరండి."

మా ఆయన చేత ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని విన్నాను. తర్వాత జమునాబాయికి చెబుదామని వెళ్లాను. ఆమె వాకిట్లో నీళ్లు కాస్తోంది. హైదరాబాదులో చదువుకు పిలిచారని చెబితే, చంపే ఆకు దొరికినందుకా అని అడిగింది. కాదు, ఆకు పనిచేయలేదని నిజం రాసినందుకు అన్నాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

"మంచిగుంది పంతులమ్మా. నిజం చెప్పినవని నీకు పెద్ద సదువు ఇస్తున్రు. గదే నిజం నేను చెప్తె ఒక్కడు గూడ కాలు కడుక్కోడు."