పగబట్టిన వైద్యం

రిషిత మోకాలు చేతికి చిక్కిన రోజు అఖిల కడుపు చల్లబడింది.

ఆపరేషన్ అయి నెల కూడా కాని కుడి మోకాలు. ఆటలో ఎగిరి దూకి తనంతట తనే తెంపుకున్న లిగమెంట్. తొర్రూరు నుంచి కారులో తెచ్చి దించితే, చంకల్లో కర్రలతో మహబూబాబాద్ ఆసుపత్రిలోని ఫిజియోథెరపీ గదికి వచ్చింది. అక్కడ తెల్లకోటు వేసుకుని నిలబడి ఉన్నది అఖిల. జనగామ కాలేజీలో ఫిజియోథెరపీ చదువుతూ, ఆ కాలేజీకే కబడ్డీ ఆడుతూ, ఆ ఏడాది శిక్షణకు ఈ ఆసుపత్రికి వచ్చిన అఖిల.

రెండేళ్ల కిందట జనగామ మైదానంలో కాలేజీల ఫైనల్ జరిగింది. కూతకు వెళ్లిన అఖిలను రిషిత జట్టు పట్టేసింది. విజిల్ పడింది, ఆట ఆగింది, రిషిత మాత్రం ఆగలేదు. అఖిల ఎడమ చేతిని వెనక్కి మెలిపెట్టి, భుజం ఊడేదాకా వదల్లేదు. ఆపైన నడుం మీద చేతులు పెట్టుకుని, "తండా కాళ్లు బర్ల ఎనుక ఉరకనీకే పనికొస్తయ్, గీ మ్యాట్ మీద కాదు" అంది. రాష్ట్ర జట్టు ఎంపికలు ఆ వచ్చే వారమే. అఖిల చేయి మెడకు వేలాడుతుండగానే అవి అయిపోయాయి. నెల్లికుదురు దగ్గరి తండాలో ఆమె తండ్రి తుల్సీరాం, బిడ్డ పేరు పేపర్లో వస్తుందని ఊరంతా చెప్పుకుని ఉన్నాడు పాపం. చాలాకాలం చాయ్ హోటల్ వైపు వెళ్లలేదు.

ఇప్పుడా మహాతల్లి మంచం మీద కాలు చాపుకుని, "నిన్ను ఎక్కడ్నో చూసినట్టుందే?" అంది.

గుర్తే లేదు! భుజం ఊడబెరికిన మనిషికి, ఆ భుజం ఎవరిదో కూడా గుర్తు లేదు. అఖిలకు అన్నిటికంటే అదే ఎక్కువ మండింది.

ఆమె రిషిత మోకాలి కింద చెయ్యి పెట్టి మెల్లగా వంచడం మొదలుపెట్టింది. రిషిత "అమ్మా" అని అరిచింది. ఈ పనిలో అరుపులు మామూలే, ఎవరూ తలతిప్పి చూడలేదు. ఇంకొక్క పిసరు నొక్కితే చాలు, కొత్తగా వేసిన లిగమెంట్ కాస్తా సాగిపోతుంది. ఎందుకు చెడిందో ఏ డాక్టరూ కనిపెట్టలేడు. అఖిల అరచేయి ఆ పిసరు దగ్గర ఆగి కాసేపు రుచి చూసింది. ఆ రుచి తియ్యగా ఉందని ఒప్పుకోవాలి.

మరి నొక్కలేదేం? జాలిపడి కాదు, ఆమెలో జాలి ఇంత కూడా లేదు. కుంటుకుంటూ ఇంట్లో కూర్చున్న రిషితను చూసి అందరూ అయ్యో అంటారు. ఆ అయ్యో కూడా దానికి దక్కకూడదు. దీన్ని నిలబెట్టాలి, పరుగెత్తించాలి, అందరూ చూస్తుండగా మ్యాట్ మీద బోర్లా పడేయాలి. పగంటే అది.

అప్పటినుంచి అఖిల చేసిన వైద్యం చూసి తీరాలి. తెల్లవారకముందే జనగామలో ప్రాక్టీసు, ఆపైన రైల్లో నిలబడి ప్రయాణం, పగలంతా ఆసుపత్రి, తిరుగు రైల్లో చదువు. శిక్షణ చూసే సరోజన మేడం ఒకరోజు కోప్పడింది.

"చేతులు రెండే ఉన్నయ్ బిడ్డా. వాటితోని వైద్యం చేస్తవా, మందిని పడగొడ్తవా? ఏదో ఒకటి తేల్చుకో."

"రెండూ చేస్త మేడం. ముందుగాల బాగుచేస్త, తర్వాత పడగొడ్త."

మేడం నవ్వులాట అనుకుని నవ్వేసింది.

రిషితకు మాత్రం నవ్వు రాలేదు. చీలమండకు ఇసుక సంచులు కట్టి కాలు ఎత్తించేది అఖిల. మెట్లు ఎక్కించేది, ఒంటికాలి మీద కూర్చోబెట్టి లేపేది. ఏడిస్తే ఆగేది, ఏడుపు అయ్యాక మళ్లీ మొదటినుంచి చేయించేది. తొడ కండ రోజురోజుకూ గట్టిపడుతుంటే, పండక్కి మేకను మేపుతున్నట్టు తడిమి చూసుకుని మురిసిపోయేది. వానలు పోయి, చలి పోయి, ఎండలు ముదిరేసరికి రిషిత ఎగిరి అదే కాలి మీద దిగుతోంది.

ఇక రానక్కరలేదన్న రోజు అఖిల చెప్పింది. "జనగామ ఫైనల్. నువ్వు ఊడబెరికిన భుజం నాదే."

రిషిత ముఖం పాలిపోయింది. "మరి... గిన్ని నెలలు నాకెందుకు చేసినవ్?"

"కుంటిదాన్ని పడగొడితే నాకేం మజా? భూపాలపల్లి టోర్నమెంట్‌కు రా. చూసుకుందాం."

రిషిత వచ్చింది. రెండు జట్లూ ఫైనల్‌కు చేరాయి. ఆఖరి కూతకు స్కోరు సమానం. భుజం చెడినప్పటినుంచి అఖిల కూతకు వెళ్లడం మానేసి మూలలో నిలబడి, కూతకు వచ్చినవాళ్లను పట్టేది. రిషిత కూతపెడుతూ నేరుగా ఆ మూలకే వచ్చింది. వచ్చి, కుడికాలు ముందుకు విసిరింది.

అఖిల ఎగిరి చీలమండను రెండు చేతులా బిగించింది. జనం లేచి నిలబడ్డారు. కాలు నిటారుగా ఆమె చేతుల్లో ఉంది. ఒళ్లు ఒక్కసారి పక్కకు దొర్లిస్తే చాలు, మోకాలు తిరిగిపోతుంది, ఆటా అయిపోతుంది, ఈ జన్మకు రిషిత కబడ్డీ కూడా అయిపోతుంది. ఆటలో జరిగిందే అంటారు, తప్పు పట్టరు. తిప్పేయి, తిప్పేయి అని రక్తం ఘోషపెట్టింది.

ఆమె చేతులు తిరగలేదు. ఆ మోకాలు తన పని. ఇన్నాళ్లు రైళ్లలో నిలబడి, నిద్ర చంపుకుని, కసికొద్దీ కట్టిన పని. తన చేతులతో దాన్ని విరగ్గొట్టడానికి చేతులే ఒప్పుకోలేదు.

ఆ తటపటాయింపు చాలింది. ఇసుక సంచులు మోసిన తొడ ఒక్క గుంజు గుంజింది. అఖిలను మ్యాట్ మీద బరబరా ఈడ్చుకుంటూ పోయి, రిషిత చెయ్యి మధ్యగీతను తాకింది.

విజిల్ మోగింది. రిషిత జట్టు గెలిచింది.

అఖిల మ్యాట్‌ను పిడికిలితో గుద్దింది. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. తను పెంచిన బలమే తనను ఈడ్చుకుపోయింది, ఇంతకంటే అవమానం ఉంటుందా!

రిషిత సంబరం చేసుకోలేదు. వచ్చి పక్కన కూలబడింది.

"తిప్పుతవనుకున్న. కండ్లు మూసుకున్న" అంది. మోకాలు తడుముకుంటూ, "నేనైతే తిప్పేదాన్ని" అంది.

"ఎరుకే."

"అఖిలా... నీ భుజం..."

"భుజం ముచ్చట తియ్యకు. నీ మీద కోపం పోలే, పోదు గూడ. కాలు చాపు."

రిషిత చాపింది. అఖిల మోకాలి చుట్టూ బొటనవేళ్లతో నొక్కి చూసింది. కొంచెం వేడి ఉంది, వాపు లేదు. ఎవరో ఐసు సంచి తెచ్చి ఇచ్చారు.

"సోమవారం దవాఖానకు రా. మల్లొకసారి చూడాలె" అంటూ అఖిల ఆ సంచిని మోకాలి మీద పెట్టి అదిమింది, కావలసినదానికంటే కాస్త గట్టిగానే.