అట్ట మీది సంవత్సరం

కార్డుల గుమస్తా రికార్డును దీపం కిందికి వంచి, లేబుల్ పక్కన గోకిన అంకెలను భూతద్దంతో చదువుతున్నాడు. రేడియో స్టేషన్ లైబ్రరీలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన పని అదే: ఏ రికార్డు ఎప్పుడు తయారైందో తేల్చి కార్డు మీద రాయడం. చిట్లించి చిట్లించి ఎడమ కన్ను చిన్నదైపోయింది. అనుమానమున్నది పెన్సిల్‌తో, రూఢి అయింది సిరాతో. అదీ ఆయన పద్ధతి. వెనకాల అందరూ ‘తేదీల తాత’ అనేవారు. ఎదుట కూడా అనేవారు, ఏమీ అనడని అలుసు.

ఈ జాజ్ ఆల్బమ్ అట్ట మీద వాద్యకారుల పేర్లు లేవు. “అందులో డ్రమ్స్ నేనేరా, బయటికొచ్చాక విను” అని డ్రమ్స్ వాయించే ఆయన అన్న చెప్పాడు, అది రాకముందే చనిపోయాడు. తీరా ఆల్బమ్ వచ్చాక చూస్తే, రికార్డు చేసినట్టు అట్ట మీద వేసిన సంవత్సరానికి అన్న పోయి ఏడాది. “దయ్యం వాయించిందా తాతా?” అని క్యాంటీనంతా నవ్వేది. అయినా కార్డులో డ్రమ్స్ గడిలో అన్న పేరు పెన్సిల్‌తో ఇరవై రెండేళ్లుగా ఉంది. అది సిరాలోకి మారితే చాలు, ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు.

మూతబడ్డ స్టూడియో రిజిస్టరు ఇవాళే వచ్చింది. రికార్డు మీద గోకిన అంకెలే అందులోనూ దొరికాయి, తేదీతో సహా. ఆల్బమంతా ఒక్క రోజులోనే, పొద్దున్నుంచి రాత్రిదాకా రికార్డు చేశారు. అట్ట మీది సంవత్సరం తప్పు. అసలు తేదీ దానికి మూడేళ్ల ముందు.

“అయితే గెలిచారండీ. మీ అన్నగారి పేరు ఇంక సిరాతో రాసేయండి” అన్నాడు ఆఫీసరు గుమ్మంలోంచే.

గుమస్తా ఆ తేదీని మళ్లీ చదివాడు. అది తన పెళ్లి రోజు. ఇంటికి ఫోన్ చేశాడు.

“మన పెళ్లికి అన్నయ్య వచ్చాడు కదా?”

“రాకపోవడమేంటి? పొద్దున్నుంచి రాత్రిదాకా మీ పక్కనే కదా నిలబడ్డారు,” అంది భార్య. “ఇవాళేం గుర్తొచ్చింది?”

“ఏం లేదు” అని పెట్టేశాడు. “ఇరవై రెండేళ్లు నన్ను నవ్వులపాలు చేశావు కదన్నయ్యా” అని గొణుక్కున్నాడు. ఏడుపొచ్చింది. అసలు తేదీని సిరాతో రాశాడు. రబ్బరు తీసుకుని అన్న పేరు చెరిపాడు. ఎన్నేళ్ల రాతో, అచ్చు పోలేదు. మళ్లీ రుద్దబోతూ బల్ల మీదికి ఒరిగాడు.

కునుకు తీస్తున్నాడనుకుని సాయంత్రం దాకా ఎవరూ లేపలేదు.

“పాపం, సిరాతో రాయడానికే చెరుపుకున్నట్టున్నాడు. అంతలోనే పోయాడు” అన్నాడు ఆఫీసరు మర్నాడు. అందరూ చుట్టూ నిలబడ్డారు. క్యాంటీన్‌లో నవ్వినవాళ్లు తలలు దించుకున్నారు. ఆఫీసరు జేబులోంచి పెన్ను తీసి, మిగిలిన అచ్చు మీద శ్రద్ధగా దిద్దాడు.

కార్డు ఇప్పటికీ ఆ సొరుగులోనే ఉంది. డ్రమ్స్ గడిలో అన్న పేరు, నల్ల సిరాతో.