ఆర్వల్ బావ మ్యాగజైన్లు

మా బావ ఆర్వల్‌కి ఉన్న తుపాకులు ఐదే. మ్యాగజైన్లు మాత్రం ఎన్ని ఉన్నాయో ఆయనకే తెలియదు. మ్యాగజైన్ అంటే చదువుకునేది కాదు. తూటాలు పేర్చి తుపాకీ కింద దోపుతారే, ఆ డబ్బా. తుపాకీకి మూడో నాలుగో ఉంటే ఎవరికైనా సరిపోతాయి. బావకి ఇల్లు సరిపోలేదు.

మా ఊరు కోల్టర్ క్రీక్‌లో తుపాకీ లేని ఇల్లు ఉండదు. ఇంట్లో కుక్క ఉందని ఎవరూ గొప్పగా చెప్పుకోనట్టే దాని గురించీ ఎవరూ చెప్పుకోరు. బావది వేరే జబ్బు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ టీవీలో ఎవరో ఒకరు "ఈసారి తుపాకుల నిషేధం ఖాయం" అనేవారు. ఈయన ట్రక్కు తాళాలు అందుకుని కొట్టుకి బయల్దేరేవాడు. తనకు నచ్చనివాడు గెలిస్తే భయంతో కొనేవాడు. నచ్చినవాడు గెలిస్తే సంతోషంతో కొనేవాడు. పక్కనున్న వాషింగ్టన్ రాష్ట్రంలో ఎక్కువ తూటాలు పట్టే పెద్ద మ్యాగజైన్ల అమ్మకం ఆపేశారని తెలిసిన రోజున, ఇంట్లో మనిషి పోయినట్టు టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత తన దగ్గర లేని తుపాకులకు కూడా కొనడం మొదలుపెట్టాడు.

"తుపాకీదేముంది, ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. మ్యాగజైన్ దొరకాలిగా!" అనేవాడు.

అవి బట్టలారబెట్టే మిషన్ వెనక ఉండేవి. చుట్టాల కోసం కట్టించిన బాత్రూంలో స్నానాల తొట్టి నిండా ఉండేవి. మా అక్క నెల్డా చలికాలం బూట్లలో కాలు పెట్టబోతే ఒక్కోదాంట్లో రెండేసి ఉండేవి. అక్క ఓపిక మనిషి, సర్దుకుపోయింది. చర్చి విందుకు హకిల్‌బెర్రీ పళ్ళతో తీపి రొట్టె చేద్దామని ఓవెన్ వెలిగించిన రోజున మాత్రం సర్దుకుపోలేదు. ఓవెన్ పై అరలో బావ ప్లాస్టిక్‌వి కొన్ని పేర్చి పెట్టాడు. అవి కరిగి, కింద అర మీదికి నల్లగా జారి, ఇల్లంతా టైర్లు కాలిన వాసన కొట్టింది. ఖాళీవి కాబట్టి ఇల్లు మిగిలింది.

ఆ సాయంత్రం అక్క వట్టి చేతులతో విందుకు వెళ్ళి, కొత్త పాస్టర్ గారి భార్య పక్కన కూర్చుని ఏడ్చేసింది.

"ఏం చెప్పనమ్మా! ఎక్కడ చూసినా ఆయన మ్యాగజైన్లే. పడకగదిలో అవే, బాత్రూంలో అవే. ఎవరైనా ఇంటికొస్తే సిగ్గుతో చస్తున్నా."

ఆవిడ అక్క చెయ్యి పట్టుకుని, "మావారితో మాట్లాడిస్తాను" అంది మెల్లిగా.

మర్నాడు నేను వాళ్ళింట్లో ఓవెన్లో తల దూర్చి, కరిగి గట్టిపడిన ప్లాస్టిక్‌ని గీకుతున్నాను. పాస్టర్ టాడ్ గారు వచ్చారు. మా ఊరికి వచ్చి ఆరు నెలలు కూడా కాని కుర్రాడు. బావ ఎదురుగా కూర్చుని చేతులు జోడించుకున్నాడు.

"బ్రదర్ ఆర్వల్, మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదు. మగవాళ్ళకు ఈ బలహీనత కొత్తది కాదు. మీ మ్యాగజైన్ల సంగతి విన్నాను."

బావ ముఖం వెలిగిపోయింది. "విన్నారా! తెచ్చి చూపించనా?"

"వద్దొద్దు!" అన్నాడు పాస్టర్ గారు. "అసలు ఎలా అలవాటైంది?"

"మా నాన్న వల్లేనండీ. పెళ్ళికి కానుకగా ఒక పెట్టె నిండా ఇచ్చాడు."

పాస్టర్ గారు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "ఒక్కరే ఉన్నప్పుడు చూసుకుంటారా?"

"అబ్బే, శనివారం శనివారం మా స్నేహితుడు వెర్లిన్ వస్తాడు. ఇద్దరం నేల మీద పరుచుకుని, ఒక్కోటీ విప్పి, తుడిచి, నూనె రాసి..."

"నూనె రాసి!"

"రాయకపోతే తుప్పు పట్టవూ?"

పాస్టర్ గారు కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. "మరి నెల్డా గారు ఏమంటారు?"

"దాందేముందండీ, పరుపు కింద పెడితే నడుం పట్టేసిందని గోల పెట్టింది, తీసేశాను."

ఇక నా వల్ల కాలేదు. ఓవెన్లోంచి తల బయటికి తీసి, "పాస్టర్ గారూ, అవి మీరనుకునే బూతు బొమ్మల పుస్తకాలు కాదండీ. తుపాకులవి" అన్నాను.

ఆయన నా వంక చూశాడు, బావ వంక చూశాడు. "దేవునికి స్తోత్రం!" అంటూ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "తుపాకులవా! నేనింకా ఏదో పాపమనుకున్నాను!" పగలబడి నవ్వి, కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "నా దగ్గర మా మామగారిచ్చిన పాత పిస్తోలు ఒకటుంది బ్రదర్. దానికి మ్యాగజైన్ ఎక్కడా దొరకడం లేదు. మీ దగ్గరేమైనా...?"

వెళ్ళేటప్పుడు ఆయన కోటు జేబులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. ప్రార్థన సంగతి మరిచిపోయాడు. అక్క వంటింటి కిటికీలోంచి ఆ జేబులు చూసింది.

"సరే, ఇక దేవుడు కూడా ఆయన వైపే" అంది నాతో. తర్వాత బావ దగ్గరికెళ్ళి చెప్పేసింది. "వచ్చే నెలలో బొంతలు కుట్టే ఆడవాళ్ళు మనింటికి వస్తున్నారు. ఆలోపు ఇవన్నీ ఒక్క గదిలోకి, మూతలున్న డబ్బాల్లోకి వెళ్ళిపోవాలి. లేదంటే నేను మా తమ్ముడింటికి వెళ్ళిపోతా."

నాది ఒక్క గది ఇల్లు. ఆ మాట విని బావ కన్నా నేనే ఎక్కువ భయపడ్డాను. అందుకే ఆ వారమే వెనక గదిలో దేవదారు చెక్కతో అరలు కొట్టిచ్చాను. బరువుకి గోడ ఊడిరాకుండా ఇనుప పట్టీలు కూడా వేశాను. అట్టపెట్టెలు, ప్లాస్టిక్ టబ్బులు, సైన్యం వాళ్ళు వాడి పారేసిన ఆకుపచ్చ ఇనుప పెట్టెలు గది మధ్యకి చేరాయి. అంతే, అక్కడితో పని ఆగిపోయింది. ఎందుకంటే సాయానికి వెర్లిన్ వచ్చాడు.

వెర్లిన్ కలప మిల్లులో బావతో పాటు పనిచేసినవాడు. ఇద్దరూ ఒకే తల్లి పిల్లల్లా ఉంటారు, సర్దే మాట వచ్చేదాకా.

"ఏ తుపాకీవి ఆ తుపాకీకి పెట్టాలి" అన్నాడు బావ.

"ఒరేయ్, ఎన్ని తూటాలు పడతాయో దాన్నిబట్టి పెట్టాలి. చీకట్లో తడుముకుంటూ వస్తావు, నీకు కావాల్సింది లెక్క."

"చీకట్లో తడుముకుంటూ వస్తే పట్టని మ్యాగజైన్ తీస్తాను. దాంతో ఏం చేయను, దొంగ మీదికి విసరనా?"

"నువ్వు పేల్చే దానికన్నా అదే నయం."

అది తేలకముందే ఇంకొకటి మొదలైంది. తూటాలు నింపి ఉంచాలా, ఖాళీగా ఉంచాలా? నింపి ఉంచితే లోపలి స్ప్రింగు చచ్చుబడిపోతుందంటాడు వెర్లిన్. నొక్కిపెట్టి ఉంచితే ఏమీ కాదు, నింపి తీసి నింపి తీస్తేనే అరుగుతుందంటాడు బావ. వెర్లిన్ వచ్చిన రోజు ఖాళీ చేసేవాడు, వాడు వెళ్ళాక బావ నింపేవాడు. వారం గడిచింది. అక్క వాళ్ళకి కాఫీ ఇవ్వడం మానేసింది. చివరికి ఇద్దరూ ఒక్కమాట మీదికి వచ్చారు. డబ్బాల మీద అంటించే చీటీలు ముద్రించే మిషన్ ఉంటే గానీ ఈ పని జరగదని. అది దగ్గర్లోని పట్నం లూయిస్టన్‌లో జరిగే తుపాకుల సంతలో చవగ్గా దొరుకుతుందని. శనివారం పొద్దున్నే ఇద్దరూ వెర్లిన్ ట్రక్కులో వెళ్ళిపోయారు.

ట్రక్కు మలుపు తిరగ్గానే అక్క వెర్లిన్ భార్య డార్లాకి ఫోన్ చేసింది. "తీరిగ్గా ఉన్నావా? ఈ పూట మనమే తేల్చేద్దాం."

ముగ్గురం భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి మొదలుపెట్టాం. పెద్ద కష్టమేమీ కాలేదు. ఒకే రూపు ఉన్నవి ఒక కుప్ప. వంపు తిరిగినవి వేరు, తిన్నగా ఉన్నవి వేరు. తూటాలున్నవి నేను చూసి పక్కన పెట్టాను. కాసేపటికి డార్లా చెయ్యి ఆగింది. చేతిలోని మ్యాగజైన్ని వెలుగులోకి తిప్పింది.

"నెల్డా, దీని అడుగున తెల్ల రంగుతో 'వి' అని ఉందేంటి?"

"ఏదో కంపెనీ గుర్తేమో."

"కంపెనీ వాళ్ళు 'వి' కింద గీత గీసి చుక్క పెట్టరు. మా ఆయన పెడతాడు."

ఇంకో డబ్బా తిరగేశాం. అందులోనూ 'వి'. ఇంకోదాంట్లోనూ అంతే. బల్ల మీద ఉన్నవాటిలో సగానికి సగం వెర్లిన్‌వి.

"ఈస్టర్ రోజున బైబిల్ మీద చెయ్యేసి ఒట్టేశాడు, ఇక ఒక్కటి కూడా ఇంట్లోకి తేనని" అంది డార్లా. ముఖం ఎర్రబడిపోయింది.

"ఇంట్లోకి తేలేదుగా" అన్నాను నేను.

ఇద్దరూ నా వంక చూసిన చూపుకి లేచి వెళ్ళి కాఫీ పెట్టాను.

కాఫీ మరగకముందే అక్కకి ఇంకో ఆలోచన వచ్చింది. "డార్లా, మీ గడ్డి కొట్టంలో ఏమున్నాయి?"

"గడ్డి. కోళ్ళ దాణా. క్రిస్మస్ దీపాలు."

"ఎన్ని పెట్టెల దీపాలు?"

డార్లా కారు తాళాలు అందుకుంది. వెళ్ళి చూస్తే గడ్డిమోపుల వెనక, వెర్లిన్ దస్తూరితో 'క్రిస్మస్ దీపాలు' అని రాసిన టబ్బులు చూరు దాకా ఉన్నాయి. వైట్ హౌస్‌కి కట్టినా మిగులుతాయి. పై టబ్బు మూత తీసి ఒకటి బయటికి లాగాను. అడుగున గుండ్రంగా 'ఓ' అని ఉంది. ఇంగ్లీషులో మా బావ పేరుకి మొదటి అక్షరం. అక్క గడ్డిమోపు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత నవ్వడం మానేసి, "ఇవన్నీ మా వాకిట్లోకి చేర్చండి" అంది. ఆ గొంతే నాకు బాగా లేదనిపించింది.

సాయంత్రం ట్రక్కు వచ్చేసరికి మా అక్కావాళ్ళ వాకిట్లో రెండు గుట్టలున్నాయి. ఇటు 'ఓ', అటు 'వి'. మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళు మడత కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వెర్లిన్ ట్రక్కు వెనక్కి తిప్పబోయాడు.

"దిగు!" అంది డార్లా.

దిగారు. బావ చేతిలో చీటీల మిషన్ ఉంది. ట్రక్కు వెనక గొంగళి కింద ఎత్తుగా ఇంకేదో ఉంది. అక్క దానివంక కూడా చూడలేదు.

"తనవి దాచమని వాడే అడిగాడు" అన్నాడు బావ.

"ముందు అడిగింది నువ్వు కాదట్రా?" అన్నాడు వెర్లిన్.

"నాకదేం వద్దు," అంది అక్క. "ఎందుకు ఇన్ని? అదొక్కటి చెప్పు. టీవీలో వాళ్ళ మాట చెప్పకు, నీ మాట చెప్పు."

బావ చీటీల మిషన్ని కింద పెట్టాడు. "మిల్లు మూసేశాక నాకు నిద్రపట్టేది కాదు నెల్డా. ఏదైనా కొని తెచ్చుకున్న రాత్రి పట్టేది. ఏదో ఒకదానికైనా సిద్ధంగా ఉన్నానని."

"నన్ను లేపాల్సింది."

"లేపి ఏం చెప్పను? భయమేస్తోందని చెప్పనా?"

"ఆ. అదే చెప్పాల్సింది."

వెర్లిన్ ముక్కు చీదాడు. డార్లా "నువ్వు ఏడవకు, నీ సంగతి ఇంటికెళ్ళాక" అంది.

మర్నాడు అక్క ఐదు తుపాకులనూ ఖాళీ చేయించి బల్ల మీద వరసగా పెట్టించింది. బావ ఒక్కో మ్యాగజైనూ తెచ్చి దోపి చూడాలి. టక్కుమని కూర్చున్నది ఉంటుంది, కూర్చోనిది పోతుంది. మధ్యాహ్నానికి తేలిపోయింది. ఆయన తుపాకులకు పట్టేవి నేను కొట్టిన అరల్లో ఒక్క వరస. మిగతావన్నీ ఆయన ఎప్పుడూ కొనని తుపాకులవి. బావ ఆ ఒక్క వరసకే డబ్బాలు పెట్టి, మిషన్‌తో చీటీలు కొట్టి అంటించాడు. నిజం చెప్పాలంటే చాలా అందంగా సర్దాడు. మిగతా అరల్లోకి అక్క బొంతల గుడ్డలు వచ్చాయి.

పోవాల్సిన వాటినీ, వెర్లిన్ గుట్టనీ అమ్మేస్తామని దాణా కొట్టు గోడ మీద కాగితం అంటించాం. పక్క రాష్ట్రం మోంటానా నుంచి ఒక కుర్రాడు పికప్ ట్రక్కు వేసుకుని వచ్చాడు. టబ్బుల మూతలు తీసి చూస్తుంటే వాడి ముఖం వెలిగిపోయింది, మా బావ ముఖంలాగే. "అన్నీ తీసుకుంటాను సార్!" అన్నాడు.

పికప్‌లో వాడి భార్య ఒళ్ళో పసిపాపతో కూర్చుని ఉంది. అక్క వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి పలకరించింది. "ఎన్ని గదులమ్మా మీ ఇల్లు?"

"రెండాంటీ. ఒకటి పాపకని రంగు వేయించాం." ఆ పిల్ల వెనక్కి తిరిగి, ఎక్కుతున్న టబ్బుల వంక చూసింది. "అవన్నీ మావేనా?"

అక్క కిటికీలోంచి పాప బుగ్గ నిమిరింది. తర్వాత వెనక్కి వచ్చి ఆ కుర్రాడి భుజం మీద చెయ్యేసింది.

"బాబూ, సగం తీసుకెళ్ళు. మిగతావి నీకోసమే ఉంచుతాం. పాప నడక నేర్చాక రా, అప్పటికీ కావాలనిపిస్తే తీసుకెళ్దువు గానీ."

వాడు ఒప్పుకున్నాడు. పికప్ వెళ్ళిపోయింది. వాకిట్లో పద్నాలుగు టబ్బులు మిగిలాయి. బావ వాటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ముఖం మీద నవ్వు రాకుండా చాలా కష్టపడుతున్నాడు.

"ఇవి నావి కావు కదా నెల్డా?"

"కావు."

"ఆ కుర్రాడివి. మనం ఊరికే ఉంచుతున్నాం, అంతేగా?"

"నోరు మూసుకుని లోపలికి మొయ్యి" అంది అక్క.

బావ మోశాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. ఆ పూట మాత్రం ఒక్క టబ్బు కూడా నన్ను ముట్టుకోనివ్వలేదు.