సెవ్దా మడుగు

కింది తెల్లగీత పూర్తిచేసి జాప్రియన్ రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. తెలుపు, నడుమ ఎరుపు, మళ్ళీ తెలుపు. కుంచె ఎత్తేటప్పుడు కింది గీత చివర చిన్న తోక మిగులుతుంది. అది తప్పేం కాదు, ఆయన చేతి అలవాటు. ఇనుప బ్రష్షుతో తర్వాతి చెట్టు మీది నాచు గీకడానికి, అరిగిన మోకాలి మీద చెయ్యి ఆనించి వంగాడు.

రొడోపి కొండల్లో నలభై ఒక్క ఏళ్లుగా ఆయన పని ఇదే, నడిచేవాళ్లకు దారి గుర్తులు వెయ్యడం. ఒక గుర్తు దగ్గర నిలబడితే ముందరి గుర్తు కనబడి తీరాలి. మంచు కమ్మినప్పుడు ఆ గీతల్ని పట్టుకునే ఎంతమంది ఇళ్లకు చేరారో, వాళ్లలో ఒక్కరికీ జాప్రియన్ పేరు తెలియదు. తెలియాలని ఆయనకూ లేదు లెండి.

దారి చీలిన చోట కుడికి తిరగబోయి ఆగిపోయాడు. ఎడమ పక్క చెట్టు మీద మూడు గీతలున్నాయి. రంగు ఇంకా మెరుస్తోంది. కింది గీతకు తోక కూడా ఉంది.

ఎడమ పక్క ఆయన ఏనాడూ గుర్తు వెయ్యలేదు. ఆపరేషన్లో ఒక రొమ్ము తీసేశాక, ఈతంటే ప్రాణం పెట్టే సెవ్దా నలుగురిలో నీళ్లలోకి దిగడం మానేసింది. పెళ్లాం కోసం కొండలన్నీ గాలించి ఆయన ఈ ఎడమ దారి చివర, జనం రాని మడుగు పట్టుకున్నాడు. బట్టలు తగిలించుకోవడానికి గట్టున చెట్టుకు మేకు కొట్టాడు. "లోకమంతా గీస్తావు కదయ్యా, ఇటు మాత్రం గియ్యకు," అంది సెవ్దా. పదకొండు వేసవులు ఈదింది. ఆమె పోయి ఆరేళ్లయినా ఆ మాట మాత్రం చెక్కు చెదరలేదు. ఈ సంగతి తెలిసినవాడు రాంగెల్ ఒక్కడే. నడిచేవాళ్లు రాత్రికి ఆగే కొండ విడిది నడుపుతాడు. జర్మనీ నుంచి తిరిగొచ్చిన కొత్తలో రెండు వేసవులు జాప్రియన్ వెంట రంగు డబ్బా మోశాడు. ఆమె నడవలేని ఆఖరి ఏడు వీపున ఎక్కించుకుని మడుగు దాకా దించినవాడూ వాడే.

తొమ్మిది గుర్తులు దాటి జాప్రియన్ మడుగు దగ్గరికి వచ్చాడు. గట్టున మూడు గుడారాలు, నీళ్లలో నవ్వులు. కొత్త పలక మీద పెద్ద అక్షరాలు: సెవ్దా మడుగు. ఈతకు, గుడారాలకు అనువైన చోటు. మేకుకు ఎవరిదో తడి నిక్కరు వేలాడుతోంది.

పరాయి దేశపు అమ్మాయి ఒకతి నీళ్లలోంచి ఆయన చేతిలోని డబ్బానూ, చెట్టు మీది గుర్తునూ చూపించి, నువ్వేనా అన్నట్టు సైగ చేసింది. కాదని, ఆ కొండవాళ్ల పద్ధతిలో, ఆయన తల పైకీ కిందికీ ఊపాడు. అమ్మాయి దాన్ని అవుననుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచింది.

విడిదిలో రాంగెల్ చిక్కుడు గింజల పులుసు కలుపుతున్నాడు.

"రా అన్నా, వేడిగా ఉంది, కూర్చో."

"తోక బాగా కుదిరిందిరా."

గరిటె ఆగింది. "చూశావా? పోయినవాళ్ల పేరున అందరూ దారి పక్కన కుళాయి కట్టిస్తారు. మనం వదినకు ఏకంగా మడుగే ఇచ్చాం."

"ఎవర్నడిగి ఇచ్చావు?"

"నిన్నే. మొన్న చలికాలంలో, ఈ బల్ల దగ్గరే. మడుగుకు దారి వేద్దామా అంటే తలూపావు కదా, పైకీ కిందికీ."

"అది వద్దని."

"పదేళ్లు జర్మనీలో బతికినవాణ్ణి. అక్కడ అలా ఊపితే అవునని. నా బుర్ర తిరగబడిపోయిందన్నా."

జాప్రియన్ కూర్చోలేదు. "ఆ పూటే సీసా ఎత్తి, ఇంకో గ్లాసు పొయ్యనా అన్నావు. నేను అలాగే తలూపాను. నువ్వు బిరడా పెట్టేశావు."

రాంగెల్ పొయ్యి మంట తగ్గించాడు. "జనం రాక విడిది మూతపడేలా ఉందన్నా," అన్నాడు.

ఆ ముక్క ముందే ఏడిచి ఉంటే ఏమయ్యేదో, జాప్రియన్ మనసు కరిగేదేమో. కానీ ఆయన వద్దన్న మాటనే అవునన్నట్టు మార్చి, ఆయన చేతి తోకనే దొంగిలించి గీశాడు. సెవ్దా వీడి వీపు మీద తల వాల్చి నిశ్చింతగా కళ్లు మూసుకుని మడుగుకు దిగిన రోజు జాప్రియన్‌కు గుర్తొచ్చింది. విడిది సామాన్ల గదిలోంచి బూడిదరంగు డబ్బా తీసుకుని బయటికి నడిచాడు.

రద్దయిన గుర్తును బూడిదరంగుతో మూస్తారు. తొమ్మిదీ మూశాడు. పలక మీద సెవ్దా అన్న పేరొక్కటే చెరిపి, మిగతాది ఉంచేశాడు. ఈతకొచ్చినవాళ్లు గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. బూడిద గీతల పక్కనే, కొత్తగా నలిగిన గడ్డిలో అడుగుల బాట తెల్లగా కనబడింది. దాన్ని మూసే రంగు ఏ డబ్బాలోనూ లేదు. అప్పుడు ఏడుపొచ్చింది ఆయనకు.

తడి నిక్కరు తీసి, మడిచి, బండ మీద పెట్టాడు. కుంచెను మేకుకు తగిలించాడు. సాయంత్రం బస్సుకు ఊళ్లోకి దిగిపోయాడు. మళ్ళీ కొండెక్కలేదు.

మరుసటి వేసవికి ఆ బాట బండి పట్టేంత వెడల్పయింది. ఈతకొచ్చినవాళ్లు బట్టలు కొమ్మల మీద ఆరేసుకుంటున్నారు. మేకు ఖాళీ లేదు, దానికి బూడిదరంగు గడ్డకట్టిన కుంచె వేలాడుతోంది.