సంచి పక్కజేబులో సబ్బు

నేను ఒక పనిముట్ల సంచిని. జీపులో డ్రైవరు సీటు వెనక, నేలమీద, ఎవరి కాళ్లకిందో పడి ఉంటాను. నన్ను గురించి ఇంట్లో మాటామాటా రావడం అరుదు. ఆ రోజు పొద్దున్నే వచ్చింది, అదీ ఒక బట్టల సబ్బు కోసం.

"సంచిలో సబ్బు ఎవరు తీశారు?" అంది నూకరత్నం, నన్ను వీధరుగుమీద బోర్లించి.

"నేనే తీశాను. ఏం, దొంగతనమా?" నూతిగట్టు దగ్గరనుంచి అత్తగారు అచ్చియమ్మ గొంతు. "మనుషులకి సబ్బు లేదు గానీ ఇనప సామాన్లకి సబ్బంట! అవేమన్నా తలంటు పోసుకుంటాయా?"

"అది ఉతుక్కోడానికి కాదత్తయ్యా. దాని చోటు అదే."

"ఎందుకో చెప్పు మరి."

"అక్కడ ఉండాలంతే."

నూకరత్నం పద్ధతే అంత. ఏది ఎక్కడుండాలో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఎందుకుండాలో మాత్రం ఎవరికీ చెప్పదు. చెప్పడమంటే బతిమాలుకోవడమని ఆమె లెక్క.

జీపు అద్దం తుడుస్తున్న ఆమె మొగుడు అబ్బులు నవ్వాడు. "సబ్బు కోసం తన్నుకు చస్తారేంటే పొద్దున్నే? చెరి సగం చేసుకోండి."

నూకరత్నం నవ్వలేదు. లోపలినుంచి దారం తెచ్చి, నూతిగట్టుమీది సబ్బుకి చుట్టి, రెండు కొసలూ లాగింది. సబ్బు రెండు ముక్కలైంది. ఒకటి అత్తగారి చేతిలో పెట్టింది. రెండోదాన్ని పాత చీర పేలికలో చుట్టి నా పక్కజేబులో దోపింది.

నేను పుట్టింది రాజమండ్రిలో, లారీ టార్పాలిన్లు కుట్టే ఒక కొట్లో. చినిగిన టార్పాలిన్లో మిగిలిన గట్టి ముక్కతో నన్ను కుట్టారు. వానలో తడిసి, ఎండలో మాడి, అప్పటికే సగం ఆయుష్షు అయిపోయిన గుడ్డకి తోలుపట్టీ వేసి కొత్త సంచి అన్నారు. మనుషులు వస్తువులకి పేరు మార్చి వయసు తగ్గించగలరు. తమ విషయంలో ఆ పని ఇంకా చేతకాలేదు.

నా మొదటి యజమాని ఒక కలప డిపో జీపు నడిపేవాడు. మంచివాడే. అతని ఇంట్లో చక్రాల స్పానరుతో కొబ్బరికాయలు కొట్టేవారు. ఒకసారి అది వంటింట్లోనే ఉండిపోయింది. జీపు వాగు మధ్యలో పంక్చరైంది. అతను నన్ను వెతికి, ఖాళీ చేసి, మళ్లీ వెతికాడు. ఇంతలో ఎగువనుంచి నీళ్ల చప్పుడు వినబడింది. నన్ను భుజాన వేసుకుని గట్టెక్కాడు. జీపు మా కళ్లముందే పక్కకి ఒరిగి, దొర్లి, కనబడకుండా పోయింది. ఆనాటినుంచి నాకు రెండు భయాలు. ఒకటి నీళ్ల చప్పుడు. రెండోది నాలో ఖాళీగా ఉన్న చోటు.

తరవాత చేతులు మారి అబ్బులు దగ్గరికి వచ్చాను. మారేడుమిల్లి అవతల, పొగకొండ అడుగున వాళ్ల ఇల్లు. మంచు చూడ్డానికి వచ్చేవాళ్లని అతను జీపులో కొండమీదికి తీసుకెళ్తాడు. దాన్ని రోడ్డు అనరు. రాళ్లూ, బురదా, మధ్యలో ఎర్రవాగు. కొండమీద వాన పడితే వాగు మనకంటే ముందు కిందికి దిగుతుంది.

ఆ ఇంటికి వచ్చాకే నాకు సర్దడమంటే ఏమిటో తెలిసింది. నూకరత్నం జాకీని అడుగున పెడుతుంది. దానిమీద తాడు. స్పానర్లు ఒకదానికొకటి తగలకుండా ఒక్కోదానికీ పాత చీర పేలిక. "సామాన్లకి చీరలు కడతావేంటే, పెళ్లి చేస్తావా?" అని అబ్బులు ఎగతాళి చేసేవాడు. పైన కటింగ్ ప్లేయరు, తీగచుట్ట, పాత ట్యూబునుంచి కోసిన రబ్బరు పట్టీలు. పక్కజేబులో సబ్బు. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా కావలసింది దొరకాలి.

ఆ రోజు కాకినాడనుంచి ఒక జంట వచ్చారు. భార్య పేరు హైమ, ఒళ్లో చంటిబిడ్డ. అచ్చియమ్మ కూడా ఎక్కింది. కొండమీది గూడెం పక్కన ఆమె చెల్లెలు పైడమ్మ ఉంటుంది. అందరూ కూర్చున్నాక నూకరత్నం నీళ్ల సీసాల కోసం లోపలికి వెళ్లింది. అప్పుడు ఒక చెయ్యి నా పక్కజేబులోకి వచ్చింది. ముడతలు పడ్డ వేళ్లు, సబ్బు వాసన. ఆ సగం ముక్క కూడా జేబు దాటి అచ్చియమ్మ మూటలోకి వెళ్లిపోయింది. కొండమీద చెల్లెలికి సబ్బు దొరకదని జాలి పడిందేమో. జాలి పడ్డవాళ్లు అడిగి తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నూకరత్నం సీసాలు అందించింది. నా పట్టీ బిగించి ఉందో లేదో లాగి చూసింది. బిగించే ఉంది. జీపు కదిలింది.

నాలో ఏముందో నాకు తెలుసు. ఏం లేదో ఇంకా బాగా తెలుసు. చెప్పడానికి మాత్రం దారి లేదు. నాకున్న ఒక్క నోరూ తోలుపట్టీతో కట్టేసి ఉంది. ప్రతి రాయికీ జీపు ఎగిరినప్పుడల్లా ఆ ఖాళీ జేబు నాకు తగులుతూనే ఉంది. వెళ్లేటప్పుడు ఏమీ కాలేదు. వాళ్లు మంచు చూశారు, ఫొటోలు తీసుకున్నారు. సబ్బు పైడమ్మకి చేరింది. బదులుగా ఆమె అక్క నడుం నొప్పికని తపసి చెట్టు జిగురు ఆకులో కట్టి ఇచ్చింది.

దిగేటప్పుడు ఆకాశం నల్లబడింది. అబ్బులు తొందరపడ్డాడు. ఒక మలుపులో అడుగున బండ గీరిన చప్పుడైంది. ఆ వెంటనే వాసన. మనుషులకంటే ముందు నాకే తెలిసింది. డీజిలు.

అబ్బులు జీపు కిందికి దూరి చూసి, టాంకు చీలికమీద బొటనవేలు అదిమి పట్టాడు. డీజిలు మోచేతి మీదుగా కారుతోంది.

"అమ్మా, పక్కజేబులో సబ్బుంది, తియ్యి. పిసికి పెడితే చిల్లు మూసుకుంటది."

అదే చెయ్యి మళ్లీ నాలోకి వచ్చింది. అక్కడ ఏమీ లేదని ఆ చేతికి తెలుసు. అయినా జేబు మూలలన్నీ తడిమింది. బయటికి రావడానికి జంకింది.

"లేదురా," అంది చివరికి. "పైడికి ఇచ్చేశాను."

అబ్బులు తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం ధైర్యం వచ్చేది. పైన ఉరిమింది. బిడ్డ ఏడుపు అందుకుంది.

"అన్నా, నడిచి వెళ్లిపోదామా?" అంది హైమ.

"మధ్యలో వాగుందమ్మా. వాన దిగితే జీపే దాటలేదు. బిడ్డనెత్తుకుని మీరెలా దాటుతారు?"

"వాన వెలిసేదాకా ఇక్కడే ఉందామా?" అన్నాడు ఆమె భర్త.

"ఎలుగుబంట్లు తిరిగే చోటండి ఇది," అన్నాడు అబ్బులు మెల్లిగా, ఆమెకి వినబడకుండా. వినబడింది.

అచ్చియమ్మ మూట విప్పింది. జిగురు గడ్డల్ని రాయిమీద పెట్టి, నాలోంచి పెద్ద స్పానరు లాగి, దంచడం మొదలెట్టింది.

"నీళ్లు తగిల్తే ఇది ఉబ్బి ముద్దవుద్దిరా. సబ్బు అంటుకుంటే ఇది అంటుకోదా?"

"నూనెమీద ఏదీ నిలవదే అమ్మా."

"అయితే తుడువు!"

అతని చేతికి అందింది నూకరత్నం కట్టిన చీర పేలికలే. ఒకదానితో టాంకు తుడిచాడు. అచ్చియమ్మ సీసా నీళ్లతో కలిపిన జిగురు ముద్దని రెండోదానిమీద మెత్తి చీలికలోకి కుక్కాడు. పైనుంచి రబ్బరు పట్టీ బిగించాడు. ధార చుక్కలైంది. ఆగలేదు గానీ చుక్కలైంది.

మళ్లీ బయల్దేరాం. అబ్బులు మాటిమాటికీ తల బయటపెట్టి వెనక్కి చూశాడు. ఎర్రవాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు మట్టిరంగుకి తిరిగాయి. జీపు వాగులోకి దిగింది. ఆ చప్పుడు వినగానే నాకు మొదటి యజమాని జీపు గుర్తొచ్చింది. మధ్యకి వచ్చాక నీళ్లు జీపు నేలమీదికి పొంగి నా అడుగు తడిపాయి. ఇంజను ఒకసారి దగ్గింది. హైమ బిడ్డని గుండెకి అదుముకుంది. అచ్చియమ్మ రెండు చేతులతో నన్నెత్తి ఒళ్లో పెట్టుకుంది. నన్ను ఒళ్లో పెట్టుకున్న మనిషి అంతవరకూ ఎవరూ లేరు. ముందు చక్రాలు రాళ్లని పట్టుకున్నాయి. అవతలి గట్టు ఎక్కాక వెనక్కి చూస్తే, మేము దిగిన చోట ఉన్న బండ మునిగిపోయింది.

ఇంటికి వచ్చాక నూకరత్నం ఎప్పటిలాగే నన్ను అరుగుమీద బోర్లించింది. జేబులో సబ్బు లేదు. పేలికలు తగ్గాయి. స్పానరుకి ఏదో అంటుకుని ఉంది. గోటితో గీకి, వాసన చూసింది. నన్ను వంటింటి గుమ్మం పక్క మేకుకి తగిలించి, కంచాలు పెట్టింది.

ఆనపకాయ పులుసు, ఎండుచేపల వేపుడు. అబ్బులు తలొంచుకుని తింటున్నాడు.

"ఎలా జరిగింది?" అంది నూకరత్నం.

"బాగానే. టాంకుకి చిన్న గీత పడింది."

అచ్చియమ్మ ముద్ద కలిపి, కలిపి, అలాగే వదిలేసింది. ఎడమచేత్తో నేల ఊతం పట్టుకుని లేచి పెరట్లోకి వెళ్లింది. పొద్దున తన వాటాకి వచ్చిన సగం సబ్బు ఉతికి ఉతికి అంచులు అరిగిపోయి, ఇంకా తడిగానే ఉంది. దాన్ని తెచ్చి నా పక్కజేబులో పెట్టింది. జేబు బరువైంది. వచ్చి మళ్లీ కంచం ముందు కూర్చుంది.

"గీత కాదు, చిల్లు. నా మూలానే చచ్చిపోయేవాళ్లం," అంది కోడలితో. "ఇదిగో రత్నం, రేపట్నించి నువ్వు సంచి సర్దేటప్పుడు నేను పక్కన కూచుంటాను. ఒక్కోటీ ఎందుకుందో నాకు చెప్పాలి. ఉండాలంతే అంటే కుదరదు. ఎందుకో తెలీకపోతే నా చెయ్యి ఊరుకోదు."