కొలతపాదం

బూట్ల ఫ్యాక్టరీలో అన్యాయం జరిగితే ముందు లేచే నోరు నాది. మైకమ్మ అని పేరు కూడా పెట్టారు. ఆ నోటితోనే చేసిన పని చెప్తున్నాను.

కుట్టు విభాగం ఎత్తేస్తున్నామన్నారు. నలభై మందిలో ఒక్కరికే ఉద్యోగం: కొలతపాదం. కొత్త రకం వచ్చినప్పుడల్లా తొడుక్కుని, ఎక్కడ నొక్కుతోందో చెప్పాలి. సూపర్‌వైజరు దాన్ని తన మరదలికి కట్టబెట్టబోతే గొంతు చించుకుని ఆపాను. సిఫార్సులొద్దు, నమూనా బూటు ఎవరికి అతికినట్టు సరిపోతే వాళ్లదే ఉద్యోగమన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరూ కొట్టాడు. అప్పుడైనా నాకు అనుమానం రావద్దూ?

నాది తోలు కోసే విభాగం, మా అక్కది ఆ కుట్టు విభాగమే. బావ మంచానపడి మూడేళ్లు. ఈ ఉద్యోగం రాకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అక్క పాదం అన్నివిధాలా సరిపోతుంది, చిటికెనవేలు తప్ప.

పరీక్ష రోజు భోజనాల గంటలో నా దగ్గరికొచ్చి తోలు కోసే కత్తి అడిగింది. దేనికని అడగలేదు నేను.

"పదునుందా?"

"ఉంది."

కత్తి కొంగులో చుట్టుకుని బాత్రూం వైపు వెళ్లింది.

ఒక్కొక్కరే బూటు ముందు ఓడిపోతున్నారు. మడమ చెక్కించుకుని రావే అని ప్యాకింగ్ పిన్ని ఎవర్నో ఏడిపించింది. నవ్వారు. నేనూ నవ్వాను.

అక్క తెల్ల సాక్సులతో వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. బూటు ఇట్టే దిగింది. నాలుగడుగులు నడిచింది. సూపర్‌వైజరు వేలితో నొక్కి, "తడిగా ఉందేంటి? కార్మికుల తరఫున నువ్వే చూడు మైకమ్మా," అన్నాడు.

వంగాను. కుట్టు వెంట ఎర్రగా ఊరుతోంది. అక్క ఆసరాకి నా భుజం పట్టుకుంది.

"చెమట," అన్నాను. "సరిపోయింది."

ఆ పాదంతో సరిచూసిన బూట్లే ఇప్పుడు అంతటా తిరుగుతున్నాయి. చిటికెనవేలు దగ్గర నొక్కుతోందని అక్క ఎన్నడూ చెప్పలేదు. ఎలా చెప్తుంది? మా అందరికీ తలో జత ఇచ్చారు. నాకు వేలు పుండై రసి కారుతోంది.

నిన్న ప్యాకింగ్ పిన్ని కుంటుకుంటూ వచ్చింది. "ఈ బూట్ల సంగతి గేటు దగ్గర మాట్లాడవే. నీకు కాక ఎవరికుంది ఆ నోరు?"

అవతల అక్క కొత్త జత తొడుక్కుంటోంది.

"తొడగ్గా తొడగ్గా వదులవుతాయిలే పిన్నీ," అన్నాను.